నిలబడి నీళ్ళు తాగిన నా స్ప్రింటు

నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నవ్వేముందు ఒక్క మాట వినండి. సైకిలు పందెంలో ఓడిపోయినవాళ్ళు ఈ దేశంలో లక్షమంది ఉంటారు. ఓడిపోయానన్న సంగతి పన్నెండు నిమిషాల దాకా తెలియనివాణ్ణి, ఆ పన్నెండు నిమిషాలూ గెలిచిన మొహం పెట్టుకుని ఎదుటివాడి మీద జాలిపడ్డవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అది కూడా ఏ వీధి పందెంలోనో కాదు. ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు జరిగిన ఏడాది, ఆ ఆటల్లోకి వెళ్ళే దారిలో మొదటి మెట్టు మీద. ఆ మెట్టు మీదే నిలబడిపోయాను. నిజంగానే నిలబడిపోయాను. అదే ఈ కథ.

ముందు నా ఘనత చెప్పాలి. మా నర్సీపట్నంలో ఏటా ఆగస్టు పదిహేనున హైస్కూలు గ్రౌండులో స్లో సైకిలు పందెం పెట్టేవారు. ఈ కాలం పిల్లలకి తెలియదేమో, సున్నంతో గీతలు గీసి, యాభై గజాలు, ఎవరి వరస వాళ్ళకి ఇస్తారు. అందరికంటే ఆఖర్న చేరినవాడికి ఫస్టు ప్రైజు. కాలు కింద పెడితే విజిలు ఊది అవుట్ అంటారు. ఈ విద్యలో నేను వరసగా ఆరేళ్ళు చాంపియన్ని. మా ఇంట్లో ఉన్న ఆరు స్టీలు గ్లాసులూ నేను వెనకబడి సంపాదించినవే. చుట్టాలొస్తే అమ్మ వాటిలోనే కాఫీ ఇచ్చేది.

మా నాన్నగారు తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కు. ఆయన మాత్రం ఆ గ్లాసుల్లో కాఫీ తాగేవారు కాదు. ఇత్తడి గ్లాసు ఆయనకి వేరే ఉండేది. ఎవరైనా నా ప్రైజుల సంగతి ఎత్తితే, అందరి కొడుకులకీ ముందుకెళితే బహుమతులిస్తారండి, మావాడికి వెనకబడితే ఇస్తారు, అనేవారు. నేను బీకాం పాసై, టైపు లోయరు పరీక్ష రెండుసార్లు తప్పి, ఇంట్లో కూర్చున్న రోజులు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలేది.

అలాంటి రోజుల్లో ఓ వానాకాలం సాయంత్రం నాకు జ్ఞానోదయం అయింది. సినిమాహాల్లో అయింది. అప్పట్లో అసలు సినిమాకి ముందు గవర్నమెంటువారి న్యూస్ రీలు వేసేవారు. వరదలు, ఆనకట్టలు, మంత్రిగారు రిబ్బను కత్తిరించడం, ఆఖర్న ఆటలు. జనం ఆ టైములో వేరుశనగకాయలు కొనుక్కునేవారు. నేను కూడా కాయలు వలుస్తున్నాను. ఇంతలో తెర మీద ఏదో పైదేశంలో ప్రపంచ స్థాయి పోటీలు. పళ్ళెంలా అంచులు లేచిన ట్రాకు. దాని మీద ఇద్దరు మొగాళ్ళు, బ్రేకుల్లేని సైకిళ్ళ మీద, కదలకుండా నిలబడి ఉన్నారు. కాలు కింద పెట్టలేదు. హ్యాండిలు ఒక పక్కకి తిప్పి, రవంత ముందుకీ రవంత వెనక్కీ ఊగుతూ, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. వెనకనుంచి గవర్నమెంటు గొంతు గంభీరంగా చెప్పింది, ఇది పురుషుల స్ప్రింట్ పోటీ అని, ఇందులో ముందు వెళ్ళినవాడే ఓడిపోయే ప్రమాదం ఎక్కువ అని.

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

అంతలో బొమ్మ ఒక్క ఎగురు ఎగిరింది. మరుక్షణం ఆ ఇద్దరిలో ఒకడు మెడలో పతకంతో, చేతిలో పూలగుత్తితో నవ్వుతున్నాడు. రీలు అయిపోయింది. హాలంతా, వీళ్ళ సైకిళ్ళు జామైపోయినట్టున్నాయిరా అని ఈలలేసింది. నేను మాత్రం వేయలేదు. నా ఆట ప్రపంచంలో ఉంది! మా హైస్కూలు గ్రౌండులో సున్నపు గీతల మధ్య ఆడే ఆటకి అక్కడ పతకాలు, పూలగుత్తులు, జాతీయగీతాలు ఉన్నాయి. నన్ను వెనకబడ్డవాడన్న మా నాన్నగారు ఆ హాల్లో లేరే అన్నదొక్కటే నా బాధ.

స్ప్రింట్ అంటే పరుగు కదా, బీకాం చదివినవాడికి ఆ మాత్రం తెలియదా అని మీరు అడుగుతారు. తెలుసు. కానీ నిలబడ్డవాళ్ళని చూపించి గవర్నమెంటువారే ఇది స్ప్రింట్ అంటే, నేను డిక్షనరీని నమ్మాలా, గవర్నమెంటుని నమ్మాలా? మాది గవర్నమెంటు ఉద్యోగి ఇల్లండీ.

మర్నాడు పొద్దున్నే అప్పన్న దగ్గరికి పరిగెత్తాను. బస్టాండు పక్కన సైకిలు రిపేరు షాపు అతనిది. నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను బావా అనేవాడు, చుట్టరికం ఏమీ లేదు. నా ఆరు గ్లాసుల వెనక ఉన్న మెకానిక్కు అతనే. చూసిందంతా చెప్పాను. అప్పన్న పంపు కింద పెట్టి చాలాసేపు ఆలోచించి, రెండే ప్రశ్నలు అడిగాడు. కాలు కింద పెట్టలేదా? పెట్టలేదు. గెలిచినోడికి నీ కన్నా ఎక్కువ బేలెన్సుందా? లేదు, తెగ ఊగిపోతున్నాడు. అప్పన్న బీడీ వెలిగించాడు.

"అయితే ఇంకేటి బావా, ఆ పతకం మనదే. ఆడికి నీ సంగతి తెలక తీసుకున్నాడు గానీ," అన్నాడు.

మరుసటి వేసవికి పేపర్లో ప్రకటన పడింది. ఢిల్లీ ఆటలకి సైకిలిస్టుల కోసం ముందు జిల్లా ఎంపిక, తరవాత రాష్ట్రం, తరవాత దేశం. జిల్లా ఎంపిక విశాఖపట్నంలో. రాస్తే ఫారం పంపారు. అందులో ఇదివరకటి విజయాలు అని ఓ గడి ఉంది. సైకిలు పందెంలో ఆరేళ్ళు ప్రథమ బహుమతి అని రాశాను. స్లో అన్న మాట రాయలేదు. గడి చిన్నది, పైగా గవర్నమెంటు గొంతే ఆ మాట వాడలేదు, నేనెందుకు వాడాలి?

ఫారంతో పాటు నిబంధనల కాగితం ఒకటి వచ్చింది. దాన్ని నేను తేలిగ్గా తీసుకున్నానని అనుకోకండి. తాలూకా ఆఫీసు రక్తం నాది, మూడుసార్లు చదివాను. బ్రేకులు ఉండకూడదు. సరే. ఇద్దరిద్దరికి పోటీ. సరే. మొదటి చుట్టు ఎవరు ముందుండాలో చీటీ తీస్తారు. అంటే ముందుండటం ఎవరికీ ఇష్టంలేని పని అన్నమాట, అందుకే చీటీ. ఆఖరి రెండు వందల మీటర్లకి మాత్రమే టైము లెక్కగడతారు. సరే, మరి యాభై గజాలు ప్రపంచ స్థాయికి చాలవు కదా. ఆ టైము ఎక్కువ రావాలా, తక్కువ రావాలా అన్నది కాగితం మీద ఎక్కడా లేదు. ఎందుకు రాస్తారండీ? పెళ్ళి శుభలేఖలో భోజనం నోటితో చేయవలెను అని రాస్తారా?

ఇక సాధన. అప్పన్న నా సైకిలుకి బ్రేకులు, మడ్‌గార్డులు, స్టాండు, చెయిను కవరు అన్నీ ఊడబీకి, వెనక ఫ్రీవీలుకి వెల్డింగు పెట్టించాడు. దాంతో పెడలు వెనక్కి తొక్కితే చక్రం వెనక్కే తిరుగుతుంది, నిలబడటం మరింత సులువు. రోజూ సాయంత్రం నాతవరం రోడ్డు మీద, సంతరోజైతే సంతలోనే, నడిరోడ్డు మీద నిలబడేవాణ్ణి. జనంలో నిలబడితేనే గుండె గట్టిపడుతుందని అప్పన్న సిద్ధాంతం. కొయ్యూరు వైపునుంచి చింతపండు గంపతో వచ్చిన ఓ కొండ ముసలమ్మ నా చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, నాకేదో గాలి సోకిందని నిశ్చయించుకుని, నుదుటి మీద కాస్త మట్టి రాసి వెళ్ళింది. నేను కదల్లేదు. హ్యాండిలు మీద కాకి వాలిందని అప్పన్న ఇప్పటికీ చెబుతాడు. అది అబద్ధం. పిచ్చుక.

ఇదంతా బాగానే ఉంది గానీ, అసలు గొడవ ఇంట్లో వచ్చింది. తాలూకా ఆఫీసులో కాపీయిస్టు పోస్టు ఖాళీ అయింది. టెంపరరీయే, కానీ పర్మనెంటు అయ్యే దారి ఉంది. మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరినీ ఏదీ అడిగినవారు కాదు. పై అధికారి కుర్చీ చూపించినా నిలబడే మాట్లాడే మనిషి. అలాంటాయన నా కోసం తహసీల్దారుగారి గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, మావాణ్ణి ఒక్కసారి చూడండి సార్ అని అడిగి వచ్చారు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అమ్మ చెప్పింది. ఇంటర్వ్యూ సోమవారం. విశాఖపట్నంలో నా పందెమూ అదే సోమవారం.

నేనేం చేశానో మీకు తెలిసిపోయింది. ఆదివారం పొద్దున్నే, ఆయన సంచి పట్టుకుని కూరలకి వెళ్ళిన అరగంటలో, బస్సెక్కేశాను. అమ్మకి మాత్రం చెప్పాను. నాన్నగారితో ఏం చెప్పమంటావురా అని అడిగితే, ఢిల్లీనుంచి వచ్చాక తహసీల్దారే మనింటికి వస్తాడని చెప్పమన్నాను. ఇరవై రెండేళ్ళవాడి నోట్లోంచి అంతకంటే పెద్ద మాట ఇక రాదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది. అప్పుడు మాత్రం బస్సు టాపు మీద పనసకాయల గంపల మధ్య కట్టిన నా సైకిలు కేసి మాటిమాటికీ తల బయటపెట్టి చూసుకుంటూ, పక్కన అప్పన్నతో, మహారాజులా వెళ్ళాను. అప్పన్న అంతకు రెండు రోజుల ముందే షాపుకి కొత్త బోర్డు రాయించాడు. ఏషియాడ్ సైకిలు షాపు. పెయింటు ఇంకా ఆరలేదు.

గ్రౌండు చూస్తే కళ్ళు తిరిగాయి. నాలుగు వందల మీటర్ల మట్టి ట్రాకు, టెంటు, మైకు, తెల్ల ప్యాంటు వేసుకుని మెడలో విజిలుతో రిఫరీగారు. నాకు జోడీగా వచ్చినవాడు విశాఖ కుర్రాడు, శంకర్ అట. తొడలు రోకలిబండల్లా ఉన్నాయి. ఇంతేసి తొడలతో నెమ్మదిగా ఎలా తొక్కుతాడు పాపం అనుకున్నాను. రెండు చుట్ల పోటీ. చీటీలో మొదటి చుట్టు ముందుండే దురదృష్టం నాకే వచ్చింది. అప్పన్న మొహం చిన్నబోయింది. ఏం పరవాలేదు, ముందుండి కూడా వెనకబడి చూపిస్తానన్నాను.

విజిలు ఊదారు. బయల్దేరాను. బయల్దేరాను అనడం కూడా ఎక్కువే. పక్కన నడుస్తున్న చాయ్ కుర్రాడు నన్ను దాటి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే శంకర్ కూడా అంతే నెమ్మదిగా, నా వెనక చక్రానికి అంటుకుని వస్తున్నాడు, నా భుజాల కేసే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. కుర్రాడికి పని తెలుసు! మా ఊళ్ళో అయితే సగం దూరానికే అందరూ కాలు కింద పెట్టేసేవారు. చూసేవాళ్ళు కూడా బలే బలే అంటున్నారు. అంటే వీళ్ళకీ ఆట తెలుసు. నాకున్న కాస్త అనుమానం కూడా పోయింది.

మొదటి చుట్టు ముగియడానికి, గీతకి నాలుగు గజాల ఇవతల, నేను నా బ్రహ్మాస్త్రం తీశాను. హ్యాండిలు తిప్పి, పెడలు మీద బరువు వేసి, ఆగిపోయాను. శంకర్ కూడా ఆగాడు. ఊగాడు. నేను ఊగలేదు. వాడి మోకాళ్ళు వణికాయి. పది, ఇరవై, ముప్ఫై... అప్పన్న ట్రాకు పక్కన రిస్టువాచీ చూస్తూ లెక్కపెడుతున్నాడు. ఇక ఆపుకోలేక శంకర్ నన్ను దాటి దూసుకుపోయాడు. గీత దాటాడో లేదో, టంగుమని గంట కొట్టారు.

మా ఊళ్ళో అవుట్ అయితే విజిలు. ఇక్కడ పెద్ద పోటీ కనక గంట. సహజమే కదా?

గ్రౌండంతా కేకలు. శంకర్ కుర్రాడు అవుటైన ఉక్రోషంతో చుట్టంతా పిచ్చెత్తినట్టు తొక్కుతున్నాడు. నాకు జాలేసింది. ఓటమిని తట్టుకోవడం కూడా నేర్పాలి వీళ్ళకి అనుకున్నాను. ముప్పావు నిమిషంలో చుట్టు తిరిగి మళ్ళీ నా పక్కనుంచే గాలిలా పోయి, గీత దాటి, రెండు చేతులూ పైకెత్తాడు. ఒప్పేసుకున్నాడు! చప్పట్లు మారుమోగాయి. అవి ఎవరికో నేను వేరే అడగలేదు. కదలకుండానే చిన్నగా తలవంచి అందుకున్నాను.

ఇక నేను చేయాల్సింది ఒక్కటే. ఎంతసేపు నిలబడితే అంత టైము. జిల్లా రికార్డు ఎంతో తెలియదు, ఎంతైనా సరే బద్దలు కొట్టాలి. మూడో నిమిషంలో రిఫరీగారు వచ్చి సైకిలు పాడైందా అని అడిగారు. ఏకాగ్రత చెడగొట్టడానికి చూస్తున్నాడని జవాబివ్వలేదు. అయిదో నిమిషంలో ఓ డాక్టరుగారు వచ్చి నా కళ్ళలోకి తొంగిచూసి, వడదెబ్బ కాదని తేల్చారు. ట్రాకు అవతల తరవాతి జోడీలు సైకిళ్ళు పట్టుకుని ఎండలో నిలబడ్డాయి. ఏడో నిమిషానికి టెంటులో కలకలం లేచింది. నేను ఏదో ఆందోళన చేస్తున్నానని ఎవరో అన్నారట. మారుమూల తాలూకాలకి అన్యాయం జరుగుతోందని నర్సీపట్నం కుర్రాడు ట్రాకుకి అడ్డంగా సత్యాగ్రహం చేస్తున్నాడని ఆ మాట టెంటంతా తిరిగింది. ఓ పెద్దాయన చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"బాబూ, చీటీ విషయంలో బాధపడితే మళ్ళీ తీయిద్దాం. మీ డిమాండేమిటో చెప్పండి," అన్నాడు.

ఆయన అప్పన్న కేసి తిరిగి, మీరైనా చెప్పండి, ఏమిటి డిమాండు అన్నాడు. అప్పన్న వాచీ మీదనుంచి కళ్ళెత్తలేదు.

"డిమాండేటీ నేదండీ. గెలుస్తన్నాడు," అన్నాడు.

పన్నెండో నిమిషంలో శంకర్ వచ్చాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, చేతిలో పెద్ద గ్లాసుడు పాలు పట్టుకుని. గెలిచినవాళ్ళకి టెంటులో పాలు, గుడ్లు ఇస్తున్నారని నాకప్పటికి తెలియదు. ఓడిపోయినవాళ్ళకి బలానికి ఇస్తున్నారనుకున్నాను.

"అన్నా, అయిపోయింది కదా. దిగవా?" అన్నాడు మర్యాదగా.

"నీకు ఓపిక తక్కువ తమ్ముడూ. అదొక్కటి నేర్చుకో, పైకొస్తావు," అన్నాను నేను, పెదవులు మాత్రమే కదిపి.

వాడు నా మొహం కేసి, అప్పన్న వాచీ కేసి, నా చక్రాల కేసి చూశాడు. మంచి కుర్రాడండీ, నవ్వలేదు. దగ్గరికొచ్చి, పక్కవాళ్ళకి వినపడకుండా, చెవిలో చెప్పినట్టు చెప్పాడు, గంట కొట్టింది ఆఖరి చుట్టు మొదలైందనని, ముందు గీత దాటినవాడే గెలిచినట్టని. ఎవరు చెప్పారన్నాను. వాడు పాపం తల గోక్కున్నాడు.

"ఎవరు సెప్పడమేటన్నా. ఇది రేసు కదా."

అప్పుడు పెట్టాను కాలు కింద. పెట్టాక గాని తెలియలేదు అది నా కాలు కాదని, చెక్కముక్కని. పడబోతుంటే రిఫరీగారే పట్టుకుని, నిలబడినవాణ్ణి నిలబెట్టే, ఓ చెంబుడు నీళ్ళు తాగించారు. పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని సామెత. సామెత రాసినాయన అంతా కళ్ళారా చూసే రాశాడు. పరిగెత్తినవాడు నా ఎదురుగా పాలు తాగుతున్నాడు, నిలబడ్డవాణ్ణి నేను నీళ్ళు తాగుతున్నాను. మేలు అన్న చోటే ఆయనకి ఎవరో తప్పు చెప్పారు.

తిరుగు బస్సులో అప్పన్న అనకాపల్లి దాకా వాచీ తుడుచుకుంటూ కూర్చున్నాడు. తరవాత, బావా, ఎవరేటన్నా సెప్పు, పన్నెండు నిమిషాల పది సెకన్లు, నా వాచీ సాచ్చికం అన్నాడు. బోర్డు చెరిపేస్తావా అని అడిగాను. ఎందుకు చెరపాలి, ఏషియాడ్‌కి వెళ్ళామని రాయలేదు కదా, అది షాపు పేరు అన్నాడు. ఆ బోర్డు పదేళ్ళున్నా ఎవరూ ఏమీ అనలేదు. అప్పన్నని చూసే నేను తలెత్తుకు తిరగడం నేర్చుకున్నాను.

ఇంట్లో మాత్రం తల ఎత్తలేకపోయాను. కాపీయిస్టు పోస్టు ఇంకెవరికో వెళ్ళింది. తహసీల్దారుగారు మా నాన్నగారిని పిలిచి, మీ అబ్బాయి రాలేదేమండీ అని అడిగారట. ఈయన ఈసారి కుర్చీలో కూర్చోకుండా, తల దించుకుని నిలబడ్డారట. ఆ మాట అమ్మ చెప్పినప్పుడు నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. పందెం పోయినందుకు కాదు. జీవితంలో ఒక్కసారి నోరు తెరిచి అడిగిన మనిషిని ఆ గదిలో అలా నిలబెట్టింది నేను.

ఆయన తిట్టలేదు. మాట్లాడటం మానేశారు. ఒకటి కాదు, రెండు కాదు, పది నెలలు. ఏం చెప్పాలన్నా అమ్మకి చెప్పేవారు, నేను ఎదురుగా ఉన్నా సరే. మీ అబ్బాయిని కిరసనాయిలు లైనులో నిలబడమను, నిలబడటం బాగా వచ్చు కదా. మీ అబ్బాయిని రేషను లైనులో నిలబెట్టు, జిల్లా స్థాయి మనిషి. ఊరు ఊరంతా వినేసింది. ఎవరి సైకిలు చెయిను ఊడి ఆగిపోయినా నా పేరే ఎత్తి, ఏటిరా సూరిబాబులాగ నిలబడిపోనావు అనేవారు. నేను వెనక్కి తగ్గలేదు. పన్నెండు నిమిషాలు మీరు నిలబడి చూపించండి, తరవాత మాట్లాడండి అనేవాణ్ణి. ఒక్కడూ నిలబడలేదు.

ఢిల్లీ ఆటలు అయిపోయాయి. మాఘమాసం వెళ్ళేవేళకి ఓ రోజు సినిమాహాలు ఆపరేటరు సింహాచలం మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నాన్నగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. నేను లోపల్నుంచి వింటున్నాను.

"బాబుగారూ, మీవోడి తప్పేటీ నేదండి. నాను సేసిన పనండి అది," అన్నాడు.

ఆ వానాకాలం న్యూస్ రీలు ఊళ్ళన్నీ తిరిగి మా ఊరు వచ్చేసరికి నడిమిన చిరుగులు పట్టిందట. చిరిగిన ముక్క కత్తిరించి పారేసి, అటూ ఇటూ అతికించి వేశాడట. అతను పారేసిన ఆ ముక్కలోనే ఉంది, వాళ్ళిద్దరూ నిలబడటం మానేసి పరిగెత్తడం. ఇన్నాళ్ళూ చెప్పడానికి భయమేసిందని, ఇప్పుడు ఢిల్లీ ఆటల రీలు వచ్చిందని, అందులో అదే పోటీ ఉందని, చెయ్యి వేయకుండా మొత్తం వేస్తానని, బాబుని పంపమని చెప్పి వెళ్ళిపోయాడు. నాన్నగారు పేపరు మడిచారు. అంతే. సాయంత్రం నేను చొక్కా వేసుకుంటుంటే అమ్మ వచ్చి, ఆయన కూడా వస్తార్ట అంది. ఆయన సినిమాహాలు గుమ్మం తొక్కి పదిహేనేళ్ళు.

సింహాచలం ఊరంతా చెప్పినట్టున్నాడు. హాలు నిండిపోయింది. వేరుశనగకాయలు ఒక్కడూ కొనలేదు. ఢిల్లీ వెలోడ్రోము, అంటే సైకిలు పందేల మైదానం, వచ్చింది, పాలిష్ పెట్టినట్టున్న ట్రాకు, ఇద్దరు మొగాళ్ళు. ఏ దేశాలవాళ్ళో నాకు గుర్తులేదు, పట్టించుకునే స్థితిలో లేను. నెమ్మదిగా, నెమ్మదిగా తిరిగారు. ఒకడు ఆగాడు. రెండోవాడూ ఆగాడు. హాల్లో ఊపిరి వినపడుతోంది. మొదటివాడు కదల్లేదు. రెండోవాడు ఊగి, ఊగి, తట్టుకోలేక ముందుకొచ్చాడు. అప్పుడు చూశాను ఆ పోయిన ముక్క. ఇద్దరూ ఒక్కసారి లేచారు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, నిలబడినవాడు వాడి వెనకే నక్కి, ఆఖరి మలుపులో బయటికొచ్చి, గీత దగ్గర చక్రం వాసిలో దాటేశాడు.

హాలంతా నా కేసి తిరిగింది. నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను.

"సూసేరా? ముందెల్లినోడే ఓడిపోనాడు! నాను సెప్పలేదేటి?" అన్నాను.

నిజమే కదండీ! ఎదుటివాణ్ణి ముందుకి పంపి, వెనకనుంచి గెలవడమే ఆ ఆట. అందులో నేను ముప్పాతిక వంతు ప్రపంచ స్థాయిలో చేశాను. శంకర్‌ని ముందుకి పంపానా లేదా? పంపాను. ఆ తరవాత కదలాలన్న ఒక్క చిన్న సంగతే మిగిలిపోయింది. హాలు మాత్రం అయిదు నిమిషాలు నవ్వింది. ఆ రాత్రి అసలు సినిమా మొదటి పాట ఎవరికీ వినపడలేదు.

ఇంటికి నడిచి వస్తున్నాం. నాన్నగారు ముందు, గొడుగు చేత్తో పట్టుకుని. నేను రెండడుగులు వెనక, అలవాటు ప్రకారం. తాలూకా ఆఫీసు గేటు దాటాక ఆయన ఆగారు. నేనూ ఆగాను. వెనక్కి తిరగకుండానే అడిగారు.

"నువ్వెంతసేపు నిల్చున్నావురా?"

పది నెలల తరవాత నాతో అన్న మొదటి మాట. పన్నెండు నిమిషాల పది సెకన్లు అన్నాను.

"ఇందాకటి వాడో?"

"ఒక నిముషం ఉంటాదండి. అంతే."

ఆయన కాసేపు లెక్క చూసుకున్నారు. ఆఫీసులో శిస్తుల జమాబందీ లెక్క కూడా అంత శ్రద్ధగా చూసి ఉండరు.

"అయితే పదకొండు నిమిషాలు మనవే ఎక్కువ," అన్నారు. మనవే అన్నారు. నాకు కళ్ళు మసకేశాయి. ఆయన గొడుగు చంకన పెట్టుకుని నడక మొదలెట్టి, రెండడుగులు వేశాక, మళ్ళీ తల తిప్పకుండానే చెప్పారు. "టైపు పరీక్ష ఫీజుకి ఎల్లుండి ఆఖరు. అక్కడ మాత్రం నిలబడిపోకు."

మర్నాడు పొద్దున్న అమ్మ ఆయనకి కాఫీ స్టీలు గ్లాసులో ఇచ్చింది. ఆయన చూసి, ఆఖరి చుక్క దాకా తాగారు.

ఆ టైపు పరీక్ష పాసయ్యాను. ఇంకో ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఫైళ్ళ మధ్య నా విద్యకి రావలసిన గౌరవం వచ్చింది, ఆ వివరాలు వద్దు. ఇక మీరు నవ్వడం పూర్తయి ఉంటే, ఇప్పటికీ ఉన్న ఆ ఆరు గ్లాసుల మీదా చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ విషయంలోనైనా సరే, రీలు ఆఖరి దాకా చూడకుండా సైకిలెక్కను. గంట మోగితే అది ఎదుటివాడి కోసమే అనుకోను. నన్ను దాటి ఎవడైనా దూసుకుపోతే జాలిపడేముందు, పాల గ్లాసు ఎవరి చేతిలో ఉందో చూసుకుంటాను. కానీ నిలబడటం తప్పని మాత్రం ఒప్పుకోను. ఒప్పించాలనుంటే సైకిలు తెచ్చుకోండి. అప్పన్న వాచీ ఇంకా నడుస్తోంది.